కృప బరువు పెరిగిన నెల

2017 జూలై. అర్ధవీడు మండలంలో ఒక చిన్న ఊరి అంగన్‌వాడీలో టీచరుగా నాకది ఇరవై రెండో ఏడు. ప్రతి నెలా ఐదో తేదీన పిల్లల బరువు తూచి గ్రోత్ చార్టులో చుక్క పెట్టేదాన్ని. ఎదుగుదల చూపించే ఆ పటంలో చుక్క ఆకుపచ్చలో పడితే బాగున్నట్టు, పసుపులో పడితే బరువు తక్కువని. గ్రాములతో సహా రాయడం నా పట్టింపు.

రెండున్నరేళ్ల కృప ఆ నెల 9 కిలోల 400 గ్రాములు తూగింది. పసుపు. పప్పన్నం నోట్లో పెడితే ఊసేసేది. కూలికి పోయే వాళ్లమ్మ సలోమిని అడిగాను.

"ఇంటికాడ గూడ ఇంతే టీచరమ్మా. చప్పగుంటే ముట్టదు. అంతా వాళ్ల నాయన పోలిక."

"నువ్వు నాయన పోలికని ఊరుకుంటావు, పైవాళ్లు నన్ను ఊరుకోనియ్యరే!"

మర్నాటి నుంచి మా ఇంటి మామిడి ఊరగాయ తెచ్చి ముద్దముద్దకూ అద్ది పెట్టాను. కృప గిన్నె ఖాళీ చేసేది. ఇంకా కావాలని వేలు చూపిస్తే ఇంకాస్త వేసేదాన్ని.

ఆగస్టు 5న 10 కిలోల 700. ఆకుపచ్చ. నేను మురిసిపోయాను. సలోమి మాత్రం సంతోషపడలేదు.

"పొద్దున్నే కళ్లు ఉబ్బినట్టుంటాయి టీచరమ్మా. మొన్న కొన్న గౌను పొట్ట కాడ పట్టడం లేదు."

"బిడ్డ ఒళ్లు చేస్తే ఉబ్బిందంటావేంది? నీ దిష్టే తగుల్తాది, పో!"

ఆమె నవ్వి వెళ్లిపోయింది. ఆ వయసు పిల్ల నెలకు రెండు వందల గ్రాములు పెరిగితే గొప్ప. పదమూడు వందలు ఎట్లా పెరిగిందని నేను ఆలోచించలేదు. తీసివేత సరిగ్గా చేశాను, అంతే.

పద్నాలుగో తేదీ సోమవారం కృప కళ్లు తెరుచుకోలేదు. మూత్రం బాగా తగ్గిపోయింది. బిడ్డను తీసుకుని ఇద్దరం మార్కాపురం పరుగెత్తాం. పిల్లల డాక్టరు కాలి ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. మూత్రం పరీక్ష చేయించి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. కిడ్నీల నుంచి ప్రోటీన్ కారిపోయి ఒంట్లో నీరు చేరే జబ్బు. పెరిగింది బిడ్డ కాదు, నీరు.

"ఊరగాయలు పెడతారా?" అని డాక్టరు అడిగారు.

సలోమి ఒకసారి నా వైపు చూసి, "ఇంటికాడ పెడతాం సార్" అంది.

"ఇంత పిల్లకు ఊరగాయేందమ్మా? ఉప్పుకు నీరు ఇంకా పట్టేస్తాది. తల్లివి, నీకు తెలియొద్దా?"

నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

జబ్బు ఊరగాయ వల్ల రాలేదు, వాపు మాత్రం దానివల్ల పెరిగిందని ఆయన తర్వాత చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకైనా ఏడాది లోపు ఉప్పు కలపనక్కర్లేదట. మూడేళ్ల దాకా రోజు మొత్తానికి రెండు గ్రాములు, అంటే టీస్పూనులో మూడో వంతు దాటకూడదట. చిప్స్, బిస్కెట్లలో ఉన్న ఉప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

నీరు దిగాక కృప 9 కిలోల 100 తూగింది. చప్పిడి అన్నం ముందు పెడితే "కాయ, కాయ" అని ఏడ్చేది. కృపకు ఐదేళ్లు నిండేలోపు జబ్బు రెండుసార్లు తిరగబెట్టింది. మందులు మింగించడం కంటే ఉప్పు మాన్పించడానికే సలోమి ఎక్కువ అవస్థ పడింది. ఆ రుచి మప్పింది నేను.

ఒకసారి ఆమెతో అన్నాను, "ఆ పొద్దు డాక్టరు దగ్గర నేను చెప్పాల్సింది."

"చెప్తే మీ ఉద్యోగానికే ఎసరు గదా టీచరమ్మా. నాకైతే మాటలు పడేది అలవాటే."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, తల్లి చెప్పేది పూర్తిగా విన్నాకే బిడ్డను తూచాను. ఆగస్టు 5న సలోమి మాట విని ఉంటే తొమ్మిది రోజుల ముందే ఆసుపత్రికి చేరేవాళ్లం. అందులో రెండు ఆదివారాలు పోను ఏడు రోజులు నా చేత్తోనే ఆ బిడ్డకు ఊరగాయ పెట్టాను.