ఇద్దరి నడకకు ఒక్క గీత

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, చల్లగా ఉంటుంది. చిక్కుడుకాయలు ఒలిచేది ఉంటే పట్టుకురండి, ఒలుచుకుంటూ వినవచ్చు. ఇది పెద్ద కథేమీ కాదు. మీ ఇంటి గోడకున్న కరెంటు మీటరు నెలనెలా చూసి, బిల్లు కాగితం చేతిలో పెట్టి పోయే మనిషి ఉంటాడు కదా, ఆ మనిషి కాళ్ల సంగతి. ఆ మనిషి మా ఇంటాయన.

మా తల్లిగారిది కల్వకుర్తి దిక్కు. అత్తగారిల్లు భువనగిరిలో, ఖిల్లా బండ కింద. ఎండాకాలం పొద్దుగూకినా ఆ బండ వేడి చల్లారదు. చుట్టూ ఉన్న గల్లీలన్నీ ఎక్కుడూ దిగుడే. మీటర్లు కూడా ఒక తీరుగా ఉండవు. ఒకరిది మెట్ల కింద ఉంటే ఇంకొకరిది రెండో అంతస్తులో ఉంటుంది. ఒకరిది బర్రెల కొట్టంలో. ఒకాయనదైతే గేటు లోపల, కుక్కను కట్టేసే గుంజకు సరిగ్గా పైన.

ఆయన కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. మా దిక్కు 'బిల్లులు కొట్టేటాయన' అంటారు. నెల మొదట్లో కొన్ని రోజులే ఆ పని, కానీ ఆ రోజుల్లో ఊపిరి ఆడదు. ఇంట్లో కాలిన కరెంటు ఒక హద్దు లోపల ఉంటే జీరో బిల్లు వస్తుంది కదా. రీడింగుకు కాస్త ఆలస్యంగా పోతే, నువ్వు లేటుగా రావడం వల్లే హద్దు దాటిందని జనం తగాదా పెట్టుకుంటారు. మిగిలిన రోజుల్లో బిల్లు కట్టనివాళ్ల వెంట తిరగడం, కాంట్రాక్టరు ఏ పని చెబితే అది చేయడం.

ఆయన కుడి మోకాలు అరిగిపోయింది. దవాఖానలో మెట్లు ఎక్కొద్దన్నారు. మెట్లు ఎక్కకుండా రీడింగు ఎక్కడిది? అట్లాగే పళ్లు బిగబట్టుకుని ఎక్కేవాడు.

ఒకరోజు సద్ది మరచిపోయి పోతే నేను తీసుకుని వెళ్లాను. చూస్తే ఆయన ఒక గేటు ముందు ఎండలో నిలబడి పిలుస్తున్నాడు. లోపల కొత్త కోడలు ఒక్కతే ఉన్నట్టుంది, మగ గొంతుకు తలుపు తీయడం లేదు. నేను, "అక్కా, కరెంటు బిల్లుకొచ్చినం, జర గేటు తియ్యి" అన్నాను. వెంటనే తీసింది. మీటరు పైన ఉంది. ఆయన మెట్ల వైపు చూసిన చూపు చూసి, ఆయన చేతిలోని రీడింగు తీసే ఫోను నేనే తీసుకున్నాను. నాకు చదువు తక్కువే గానీ అంకెలు వచ్చు. ఫోటో ఎట్లా తీయాలో, ఎక్కడ వత్తాలో కిందనుంచి చెప్పాడు. నేను వత్తానో లేదో, ఆయన నడుముకు కట్టుకున్న చిన్న డబ్బాలోంచి కాగితం కిర్రుమని బయటికి వచ్చింది.

అప్పటినుంచి అదే పద్ధతి అయిపోయింది. ఫోను నా చేతిలో, కాగితాల డబ్బా ఆయన నడుముకు. ఆయన బండి మీద కూర్చుని బిల్లు చింపి ఇచ్చేలోపల నేను పక్కింటి మెట్ల మీద ఉండేదాన్ని. ఆ ఫోను ఆయన పేరు మీదిది, వేరేవాళ్లు ముట్టుకోకూడదని మొదటి రోజే చెప్పారట. తెలిస్తే నౌకరి పోతుంది. గల్లీలవాళ్లు అందరూ చూశారు, ఎవ్వరూ బయట చెప్పలేదు. మలుపు దగ్గరి ఇంట్లో ఒక అవ్వ ఉండేది, ఆమె మాత్రం నన్ను గిచ్చకుండా వదిలేది కాదు.

"ఏందే, కొలువు మొగనిదా, నీదా?"

"కొలువు ఆయనదే అవ్వ, మోకాళ్లే నావి."

"మంచిగున్నది. మరి జీతం ఎవలు తింటరే?"

"ఇద్దరం ఒక్క తల్లెలనే తింటం గద."

ఇట్లా కొన్ని నెలలు గడిచాయి. తరవాత ఆ ఫోనులో కొత్తది ఒకటి వేశారు. మనిషి ఎక్కడ నడిచాడు, ఏ ఇంటి దగ్గర ఎంతసేపు ఆగాడు, ఇంటికీ ఇంటికీ మధ్య ఎంత పొద్దు పట్టింది, అంతా అందులో గీతలాగా పడుతుంది. సూపర్‌వైజరు మా తమ్ముడి వయసువాడు. చెడ్డవాడు కాదు. ఒకరికి పని ఎక్కువ, ఒకరికి తక్కువ అని రోజూ పంచాయితీలు వస్తుంటే, గీత చూసి అందరికీ సమానంగా పంచుదామనుకున్నాడు. అనుకోవడంలో తప్పేముంది?

చాయ్ హోటలు ముందు బల్ల మీద బిల్లులు కొట్టేవాళ్లందరినీ కూర్చోబెట్టి ఫోను చూపించాడు. నేను కూరగాయలకు వచ్చినట్టు సంచి పట్టుకుని మా బండి దగ్గర నిలబడి ఉన్నాను.

"కాకా, ఇగో చూడు. నీ రూటంత ఆకుపచ్చగున్నది. అంటే పని హల్క, తక్కువన్నట్టు. ఇంటికి ఇంటికి నడుమ టైమే పడ్తలేదు. గీ వయసుల గింత స్పీడెక్కడిది?"

ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ, "అలవాటైన గల్లీలు సార్" అన్నాడు.

మా పక్క రూటు చేసే అతను నోటిదురుసు మనిషి. అతని గీత ఎర్రగా ఉంది, అంటే పని మోయలేనంత ఉందని లెక్క. "కాకకు మోకాలు నొస్తదంటరు, ఉత్త ముచ్చట. రెక్కలున్నయి. అంగి కింద దాస్కుంటుండు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను సంచిలోని టమాటలు సర్దుకున్నాను.

ఆ ఎర్ర రూటులోంచి రెండు వీధులు తీసి మాకు కలిపారు. జీతం అదే. ఆ వీధులు కొత్త కాలనీవి, అన్నీ మిద్దెల మీద మిద్దెలు. వద్దని చెప్పాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. అది చెబితే కొలువు ఉండదు. ఆయన తలూపి వచ్చాడు.

నేను భయానికి ఇంకా ఉరికాను. పని మిగిలిపోతే సూపర్‌వైజరు చూడడానికి వస్తాడేమో, నన్ను మెట్ల మీద పట్టుకుంటాడేమో అన్న భయం. పొద్దు పొడవకముందే వండి, అత్తమ్మకు పెట్టి, బండెక్కేదాన్ని. మధ్యాహ్నం దాటి వచ్చి బోళ్లు, బట్టలు. కూర్చుంటే లేవబుద్ధి కాదు, పడుకుంటే పిక్కలు గుంజి నిద్ర రాదు. అంత చేస్తే ఏమైంది? నెల తిరిగేసరికి గీత మళ్లీ ఆకుపచ్చగానే ఉంది. ఇంకో వీధి కలిపారు.

అత్తమ్మ గడపలో కూర్చుని అంతా చూస్తుండేది. ఒకరోజు నేను చెప్పులు విడుస్తుంటే అంది: "పాలెక్కువిచ్చే బర్రెకు గడ్డైన ఎక్కువేస్తరు. మీకు గడ్డి లేదు, పిండుడొక్కటే ఉన్నది."

ఆ నెలలోనే కాలనీలో ఒక ఇంటి మెట్ల మీద కూలబడ్డాను. జారి పడలేదు, దెబ్బా తగల్లేదు. కూర్చున్నదాన్ని లేవలేకపోయాను, అంతే. కాళ్లు నావి కానట్టు ఉన్నాయి. ఎంతసేపటికీ రాకపోతే ఆయనే కుంటుకుంటూ ఎక్కి వచ్చాడు, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టుకుంటూ. వచ్చి నా పక్కనే కూలబడ్డాడు. ఇద్దరం రొప్పుతున్నాం. ఫోను నా ఒడిలో ఉంది. అప్పుడు నాకు తట్టింది. ఆ ఫోను ఇన్ని నెలలుగా ఆయనను చూడనేలేదు. నన్నే చూస్తోంది. నా ఉరుకుడంతా ఆయన లెక్కలో పడుతోంది. నేను ఎంత మోస్తే ఆయన మీద అంత పెడుతున్నారు.

"వచ్చే నెల నేను రాను" అన్నాను.

"నువ్వు రాకుంటే నేను ఎక్కగల్గుతనా?"

"మెల్లగ ఎక్కు. నీ కుంటు ఫోనుకు కనవడాలె."

"కనవడితే తీసేస్తరు."

"కనవడకుంటే ఇంకో వీధి ఏస్తరు. ఇగ చాతనైతలేదయ్య."

కిందనుంచి ఇంటామె, "బిల్లెంతొచ్చింది?" అని కేకేసింది. లేచి ఫోటో తీశాను.

తరువాతి నెల ఆయన ఒక్కడే పోయాడు. ఇంట్లో కూర్చుని ఎదురుచూడడం ఎంత కష్టమో ఆ రోజులే నేర్పాయి. బియ్యం ఏరుతూ కూడా, ఇప్పుడు ఏ గల్లీలో ఉండి ఉంటాడు, ఏ మెట్ల దగ్గర ఆగి ఉంటాడు అని లోపల నడుస్తూనే ఉండేదాన్ని. ఆ గల్లీలన్నీ నా కాళ్లకు తెలుసు. పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చేవాడు. బండి దిగడానికి గోడ ఆసరా పట్టేవాడు. నువ్వుల నూనె వేడి చేసి మోకాలికి రాసేదాన్ని. అవ్వ మాత్రం రోజూ అడిగేదట, "నీ పెండ్లామేది? తల్లిగారింటికి తోలినవా?" అని. కాలనీవాళ్లు ఆలస్యమైందని తిట్టారట. కొన్ని ఇళ్లు మిగిలిపోయాయి.

గీత ఎర్రబారింది. ఒక పొద్దున సూపర్‌వైజరే మా ఇంటికి వచ్చాడు. పీట వేసి చాయ్ ఇచ్చాను. తాగకుండా చేతిలో పట్టుకునే అన్నాడు: "కాకా, పోయిన నెల ఉరికినవ్, గీ నెల పాకుతున్నవ్. కాంట్రాక్టరు అడుగుతుండు, ముసలోడైండు, తీసేద్దామా అని. నేనేం చెప్పాలె?"

ఆయన తల వంచుకుని మోకాలు రుద్దుకుంటున్నాడు. గడపలో అత్తమ్మ వక్క కొరకడం ఆపింది. మేం చెప్పే ఒక్క మాటలో మా కొలువు ఉంది. ఆయన చెప్పలేడని నాకు తెలుసు.

"సార్, పోయిన నెల ఉరికింది నేను" అన్నాను.

"నువ్వంటే?"

"ఫోను నా చేతులున్నది. మెట్లు నేనెక్కిన. కాయితం ఆయన ఇచ్చిండు. మొన్నటిదాంక గట్లనే చేసినం."

అతను ఫోను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు, నా పగిలిన మడమలు చూశాడు. "ఫోను వేరేటోళ్లకు ఇయ్యద్దని తెల్వదా అక్కా?"

"తెలుసు సార్. మోకాలు ఇనలేదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటవ్?"

అత్తమ్మ అందుకుంది. "ముందుగల చాయ్ తాగు బిడ్డా, చల్లారుతాంది. నౌకరి తీసేటోనివైనా చాయ్ తాగే తియ్యి."

అతనికి నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టాడు. అతని మొహంలో కూడా నిద్ర లేదు. రోజూ ఎవరో ఒకరి గీత గురించి పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలట. చివరికి అన్నాడు: "ఇద్దరి నడకను ఒక్కరి మీద లెక్కగట్టిన. గా నెలలు పక్కకు పెడ్త. గీ నెలదే అసలు లెక్క అని పంపుత. కలిపిన వీధులు తీసేస్త, పాత రూటైతే కాకకు అందుతది. కాంట్రాక్టరుకు మోకాలు సంగతి చెప్త, నీ సంగతి చెప్ప. గని అక్కా, ఇంక నువ్వు ఫోను ముట్టద్దు. మళ్ల ముడితే నాతోని కాదు."

"పాత గల్లీల మెట్లు?" అని అడిగాను.

"మెట్లు ఫోనుకు తెల్వయి అక్కా. అది పైనుంచి చూస్తది. దానికి అంత సాపుగనే కనవడ్తది."

మాట నిలబెట్టుకున్నాడు. వీధులు పోయాయి, కొలువు నిలిచింది. ఆ వీధులు తిరిగి పక్క రూటు అతని మీదనే పడ్డాయి. హోటలు దగ్గర అతను, "కాకా, రెక్కలేడ ఇడిసినవ్?" అని అడిగాడట. మా ఆయన, "ఇంట్లున్నయి" అన్నాడట. అతనికి అర్థమైందో లేదో, చాయ్ తాగి బండి తీసుకుని పోయాడట. అతని గీత మళ్లీ ఎర్రగానే ఉంటోందని విన్నాను. అతని కాళ్ల గురించి కూడా అప్పుడప్పుడు నాకు ఫికరవుతుంది. అందరికీ సమానం అనే పని ఎవరి కాళ్ల దగ్గరికి పోయి ఆగుతుందో ఎవరికి తెలుసు.

ఇప్పటికీ ఆయన ఒక్కడే పోతున్నాడు. మోకాలు బాగుపడలేదు, ఎన్నాళ్లు లాగుతుందో తెలియదు. నెల మొదట్లో నా కాళ్లు ఇంట్లో నిలవవు, గడపదాకా పోయి వస్తుంటాయి. ఆ మలుపు దగ్గరి అవ్వ మాత్రం ఒక పని చేసింది. ఆయన వచ్చే రోజుల్లో మెట్ల మొదట్లో పీట వేసి, పక్కన నీళ్ల చెంబు పెడుతోందట. "కూసో. ఫోనును జర ఊపిరి తీస్కోనియ్యి" అంటుందట. ఆయన గీత అక్కడ ప్రతి నెలా కాసేపు ఆగుతుంది. ఎందుకు ఆగిందని సూపర్‌వైజరు ఇంతవరకూ అడగలేదు.

ఇంతే. చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, లేవండి, మీకూ పొయ్యి దగ్గర పని ఉంటుంది. మీ ఇంట్లో దీపం ఆరకుండా ఉండాలి. మీ మీటరు నెమ్మదిగా తిరగాలి. మీ ఇంటి పెద్దల మోకాళ్లు సల్లగుండాలి, ఎండలో వచ్చి పిలిచినవాళ్లకు మీ గేటు తొందరగా తెరుచుకోవాలి. పిల్లాపాపలతో, పాడిపంటతో సల్లగ బతకండి బిడ్డా.