అవ్వ తెప్పించిన స్పార్కు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ ఉండేది కాదు. ఐటీఐలో మెకానిక్కు కోర్సు అప్పుడే ముగించాను. సర్టిఫికెట్టు ఇంకా చేతికి రాలేదు (దాన్ని తగిలించడానికి గోడకు మేకు మాత్రం ముందే కొట్టేశాను). ఊళ్లో ఏ బండి దగ్గినా, ఎవరూ పిలవకపోయినా, స్పానర్లు పట్టుకుని పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ బండ్ల మీద జాలి కలుగుతుంది.

ఆ యేడు మా గార్లదిన్నె వైపు వాన చాలా రోజులు మొహం చాటేసి, చివరికి ఒక సాయంత్రం దంచికొట్టింది. మా నేలలో వాన పదును రెండు రోజులకు మించి నిలవదు. ఆలోగా శెనక్కాయ విత్తితే పంట, లేకపోతే మళ్లీ మబ్బుల కోసం ఎదురుచూడటమే. మర్నాడు పొద్దున్నే ఎద్దులు, గొర్రు సిద్ధం. విత్తనం మాత్రం గార్లదిన్నెలో మా చిన్నత్త ఇంట్లో ఉంది. తేవడానికి నాయన మోటారుసైకిలు కిక్కు కొట్టాడు. పదిసార్లు కొట్టినా అది ఉలకలేదు, పలకలేదు. పక్క వీధి మామ బండి అడిగి పోయొస్తానని నాయన చెప్పులేసుకున్నాడు. నేనుండగా ఇంకొకరి బండా అని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అరగంట చాలన్నాను.

ప్లగ్గు విప్పి, క్యాపుకు తగిలించి, ఇంజనుకు ఆనించి నాయన చేత కిక్కు కొట్టించాను. స్పార్కు నీలంగా చిటచిటలాడాల్సిన చోట ఏమీ లేదు. ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ పోయిందని తేల్చేశాను. రుజువు చేయడానికి మామను బండితో సహా పిలిపించాను. అదీ మా బండి రకమే కాబట్టి దాని కాయిల్ ఊడదీసి మాదానికి బిగించాను. అయినా స్పార్కు లేదు. నా చదువుకు ఇక ఒకే ఒక్క కారణం కనిపించింది.

"నీ కాయిలు కూడా పోయిండాది మామా."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమప్పా, ఇప్పుడే గదా దానిమింద వచ్చింది నేను."

అలా కదలని బండ్లు రెండయ్యాయి. నాయన చెప్పులు విడిచేశాడు. ఎక్కుతున్న ఎండ వైపు ఒకసారి చూసి, అరుగు మీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అంతలో మా అవ్వ నిమ్మకాయ, మిరపకాయల దండతో వచ్చింది. ఆ రోజు అమావాస్య. ప్రతి అమావాస్యకూ బండి హ్యాండిల్ కింద పాత దిష్టికాయ తీసి కొత్తది కట్టాల్సిందే. "ఎండిపోయిన కాయ పెట్టుకోని బండి యాడ కదుల్తాదిరా" అంటూ పాతదాన్ని పట్టుకుని గట్టిగా పీకింది. సరిగ్గా అప్పుడే మామ విసుగ్గా మా బండికి ఒక కిక్కు కొట్టాడు. ప్లగ్గు నా వేళ్ల మధ్యే ఉంది.

స్పార్కు వచ్చిన సంగతి ఊరందరికన్నా ముందు నాకే తెలిసింది. కేక వేసి వెల్లకిలా పడ్డాను.

లేచి చూస్తే, అవ్వ చేతిలోని వాడిన నిమ్మకాయకు ఇనుపతీగ వేలాడుతోంది. పోయిన అమావాస్యకు దాన్ని కట్టింది నేనే. దారం మాటిమాటికీ తెగుతోందని (మెకానిక్కు కట్టిన కట్టు ఊడకూడదు గదా) తీగతో బిగించాను. నెల రోజులు ఒరుసుకుని, దాని మొన తాళం దగ్గరి వైరు తొడుగులోకి దిగింది. కాయిలుకు పోవాల్సిన కరెంటునంతా బండి ఒంట్లోకే దించేసింది. రెండు కాయిళ్లూ నిక్షేపంలా ఉన్నాయి. ఆ తీగను ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను.

నాయన మధ్యాహ్నానికల్లా విత్తనం తెచ్చాడు. పొద్దుగూకేలోగా చేను విత్తేశాం, సాలు తప్పకుండా మొలిచింది. అవ్వ మాత్రం బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. "ఐటీఐ సదివింది వాడు. స్పార్కు తెప్పించింది నేను."

ఇప్పుడు అనంతపురంలో నాకు సొంత షెడ్డు ఉంది. స్పార్కు లేదని ఎవరు బండి తోసుకొచ్చినా ముందు హ్యాండిల్ కింద తడుముతాను. షెడ్డు గుమ్మానికి నేనూ అమావాస్య అమావాస్యకూ నిమ్మకాయ కడతాను, నూలు దారంతోనే. కట్టేటప్పుడల్లా అవ్వకు నిజం చెప్పి ఉండాల్సింది అనిపిస్తుంది. చెప్పినా లాభం ఉండేది కాదులెండి. దిష్టి తగలకపోతే ఆ తీగ కట్టే బుద్ధి నాకెందుకు పుట్టిందని అడిగేది.