గోవవ్వ దారం

మనవరాలు తెచ్చిన పళ్ళపొడి డబ్బా మూత తీయగానే తుమ్మచెక్క వాసన గుప్పుమంది. మచ్చ బొల్లారంలో, మూడో అంతస్తులో, నల్లా దగ్గర నిలబడి ఉన్నాను. ఆ వాసన వెంట తడి వల, వల వెనక మా నాయిన చేతులు, వాటి వెనక ఒక ముసలావిడ గొంతు వచ్చి నిలిచాయి. ఆ గొంతు ఎప్పుడొచ్చినా ఒకటే మాట అంటుంది, అదీ ఇంగ్లీషులో.

మాది శామీర్‌పేట చెరువును నమ్ముకుని బతికిన ఇల్లు. అప్పట్లో వలలు నూలువి. అవి చీకిపోకుండా ఎండాకాలంలో తుమ్మచెక్కను పెద్ద గంజులో ఉడికించి, ఆ ఎర్రటి కషాయంలో వలలు నానబెట్టి గట్టు మీద ఆరేస్తే, మా జొన్న గటకకూ దుప్పట్లకూ జడలకూ కూడా అదే వగరు వాసన పట్టేది. తెల్లవారకముందే నాయిన తెచ్చిన బొచ్చె, రవ్వ చేపలు, అదృష్టం బాగుంటే కొర్రమీను, తడి గోనె కప్పిన గంపలో పెట్టుకుని అమ్మ బొల్లారం బస్సెక్కేది, వెనకే నేను. "ఏయ్ చేపలమ్మా, ఎన్కకు పో, బస్సంత ఖరాబైతాంది" అని కండక్టర్ అరిస్తే, "కూర తినేటప్పుడు రాని వాసన గిప్పుడొచ్చిందా తమ్మీ?" అనేది అమ్మ. బస్సంతా నవ్వేది.

మా చివరి గిరాకీ గోవవ్వ. కొడుకు ఉద్యోగం వెంట గోవా నుంచి వచ్చి, ఒక పాత పెంకుటింట్లో ఉండేది. పుట్టింది మొదలు ఆమెకు ఇంట్లోనూ బడిలోనూ పోర్చుగీసే. మాతో మాత్రం బజారులో ఏరుకున్న ఉర్దూ, కాసిని తెలుగు ముక్కలు. నేను అవ్వా అని పిలిస్తే మురిసిపోయేది, వాళ్ళ భాషలోనూ దాదాపు అలాగే పిలుస్తారట. అలా పిలవాల్సిన సొంత మనవరాలు బొంబాయిలో తండ్రి దగ్గర, ఇంగ్లీషు తప్ప మరో మాట రాకుండా పెరుగుతోంది. గోవవ్వ కూతురు ఆ పిల్లను కని కన్నుమూసింది. అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఆ ఇంట్లో చనిపోయినామె ఊసెత్తరు. పిల్లకు తల్లి గురించి ఒక్క ముచ్చటైనా తన నోటితో చెప్పాలని గోవవ్వ ఆ వయసులో ఇంగ్లీషు మొదలుపెట్టింది.

కొడుకు రాత్రి చెప్పిన మాటలు పొద్దున్నకే జారిపోయేవి. అమ్మ పెరట్లో బండ మీద చేపల పొలుసు గీకుతుంటే నేను లోపల గోవవ్వ పక్కన కూర్చుని, "మా నాయిన మర్చిపోకుంట దారానికి ముడులేస్తడవ్వా, నువ్వు గూడ ఎయ్యి" అన్నాను. అప్పటినుంచి వల దారం మీద ఒక్కో మాటకు ఒక్కో ముడి: కిటికీకి చిన్నది, వానకు జంట ముడి, ఉరుముకు లావుది. జపమాల తిప్పినట్టు వేళ్ళ మధ్య జరుపుతూ ఆమె పలికేది, అక్షరం ముక్క రాని నేను వెంట పలికేదాన్ని.

ఆషాఢంలో, బోనాలకు వాడల్లో కుండలకు సున్నం పూస్తున్న రోజుల్లో, పెద్ద వాన పట్టింది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయంటారని కొడుకు చెప్పాడట. "కుత్తే? బిల్లీ? ఆస్మాన్ సే?" అని గోవవ్వ ముక్కు మీద వేలేసుకుంది. "గొడుగు చినుగుతది గదవ్వా!" అని నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మేం కుండపోత అంటామని చెప్పగానే ఆమె చప్పట్లు కొట్టింది. వాళ్ళ భాషలోనూ వాన కుండలతోనే కురుస్తుందట.

అన్నింటికన్నా పొడుగాటి ముడుల వరస, ఆమె పిల్లకు చెప్పాలనుకున్న ముచ్చట: మీ అమ్మకు ఉరుములంటే భయం, నా ఒళ్ళో దాక్కునేది.

అల్లుడు పని మీద సికింద్రాబాద్ వస్తూ పిల్లను కాసేపు చూపించి పోతానని కబురు పంపాడు. ఆ రోజు అమ్మ కొర్రమీను తెచ్చింది. నేను కారు కోసం గేటు దగ్గర కాపలా కాశాను. వాన మొదలైతే లోపలికి పరిగెత్తాను. అమ్మ చేతిలో నున్నటి దారపు ఉండ. జాలరింటి ఆడదాని వేళ్ళు ఊరికే ఉండవు, ముడిపడ్డ దారం కనిపిస్తే విప్పుకుంటూ పోతాయి. "అవ్వ దారమంత చిక్కువడ్డది బిడ్డా, సాఫ్ జేసిన" అంటూ దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది, మెచ్చుకుంటానేమోనని నన్ను చూస్తూ.

అప్పుడే కారు వచ్చింది. తెల్ల గౌను పిల్ల, తలుపు దగ్గరే గడియారం చూసుకుంటూ నిలబడ్డ తండ్రి. గోవవ్వ ఒక చేత్తో పిల్ల భుజం పట్టుకుని, రెండో చెయ్యి దారం కోసం కిటికీ గట్టు మీదికి చాచింది. ఉండ దొరికింది. వేళ్ళు దాని చుట్టూ తిరిగాయి, ఎక్కడా ఆగలేదు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. బయట ఉరిమింది. పిల్ల చెవులు మూసుకుంది. వంటింటి గడప దగ్గరనుంచి నేను మెల్లగా అందించాను: "అవ్వా, థండర్."

"థండర్" అంది గోవవ్వ.

"యెస్ గ్రానీ, థండర్" అంది పిల్ల, మర్యాదగా.

అంతే. కారు వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి అమ్మ నెత్తి కొట్టుకుంది. "నా చేతులిరగ, నేనేం జేస్తి బిడ్డా!" మళ్ళీ మేం వెళ్ళినప్పుడు గోవవ్వ ఆ ఉండను నా ఒళ్ళో పెట్టింది. అన్ని ముడులూ మళ్ళీ వేశాం. ఉరిమినప్పుడల్లా ఆమె గేటు వైపు చూసేది. పిల్ల రాలేదు. మరో వానాకాలం మేం గంపతో వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది. అవ్వ పోయిందని, కొడుకు ఊరు మారాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఆ పెంకుటిల్లు ఎక్కడుండేదో ఇప్పుడు ఆనవాలు పట్టలేను. చెరువులో నైలాను వలలు, గట్టు మీద ఆ వాసన లేదు. నేను ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నాను. పేరు రాయడం వచ్చాక, తెలుగు అక్షరాల్లోనే అవ్వ మాట రాసుకున్నాను: యువర్ మదర్ వజ్ అఫ్రైడ్ ఆఫ్ థండర్. షి హిడ్ ఇన్ మై ల్యాప్.

ల్యాప్ అంటే ఒడి. ఆ ఒడి ఏనాడో మట్టిలో కలిసింది. మాట మాత్రం ఉరిమిన ప్రతిసారీ గోవవ్వ గొంతుతో నా నోట్లోకి వచ్చి, తను చేరాల్సిన పిల్ల ఎక్కడుందా అని ఇల్లంతా వెతుకుతుంది.