ఫైలు లేని యోసేపు

శేషగిరి అంకుల్ చేయగా నేను చూసిన చివరి పని, ఒక బొమ్మలోంచి ఫైలు చెరిపి రబ్బరు పొట్టు ఊదేయడం. చెరపమన్నది నేనే.

బైబిలు బొమ్మ కనిపిస్తే చాలు, "దీనికి ఆధారం ఏమిటి?" అని అడక్కుండా ఉండలేని మనిషి. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరై, జెర్సీ సిటీలో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. మా తెలుగు చర్చికి ప్రతి ఆదివారం వచ్చేవారు. ప్రార్థనకు కాదు, గోడమీది బొమ్మలకు.

"నమ్రతా, పసిపిల్లల్ని చంపించిన ఆ హేరోదు రాజు సైనికుల టోపీలు చూశావా? ఆ కాలానివే కావు. ఈ చిత్రకారుడి ఊరిని ఆక్రమించిన సైన్యానివి. తన రాజును గీస్తే తల పోతుంది. అందుకని హేరోదును గీశాడు!"

"అంకుల్, ప్లీజ్. ప్రేయర్ నడుస్తోంది."

"నడవనీ అమ్మా. టోపీ ఎక్కడికీ పోదు."

మా చర్చిలో ఏడేళ్ల పాప ఇషిత పుట్టినరోజు కేకు మీద జలప్రళయంలో తేలిన నోవహు ఓడ ఉంటే, కొవ్వొత్తులు ఊదబోతున్న పిల్లను ఆపేశారు.

"ఈ ఓడకు ఆధారం?"

"కాస్ట్‌కో స్టోరు, అంకుల్," అన్నాను.

"మరి పొగగొట్టం ఎందుకు పెట్టారే?"

కొవ్వొత్తులు కరిగి, ఆ మైనంలో ఓడ మునిగిపోయింది.

ఆ పుట్టినరోజుకు ముందు ఏడాది నా ఉద్యోగం పోయింది. వీసా రూలు ప్రకారం అరవై రోజుల్లో ఇంకొకటి దొరక్కపోతే దేశం వదలాలి. ఆ రెండు నెలలూ ఆయన వంటింట్లోనే తిన్నాను. లాయర్ దగ్గరకీ, ఇంటర్వ్యూలకీ ఆయన పాత కారే. ఉద్యోగం దొరికింది. ఆ రోజులు మరిచిపోయాననే అనుకున్నాను.

నిరుడు మా చర్చి క్రిస్మస్ పుస్తకానికి బొమ్మ వేసిపెట్టమన్నాను. హేరోదుకు భయపడి ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, పారిపోతున్న యోసేపు, మరియ, పసివాడు, చెవులు వేలాడేసిన ముసలి గాడిద. యోసేపు చంకలో ప్లాస్టిక్ ఫైలు!

"ఇదేంటి అంకుల్?"

"పసిబిడ్డతో సరిహద్దు దాటేవాడు కాగితాలు లేకుండా వెళతాడా?"

"పాలిటిక్స్ అంటారు. చర్చిలో సగం మంది వీసాల వాళ్లే. భయపడతారు. తీసేయండి."

"భయం ఉందన్నావుగా. అదే ఆధారం."

"అంకుల్!"

"సరేలే."

మూడో రోజున ఆయన గుండె ఆగిపోయింది.

పుస్తకం ఫైలు లేకుండానే అచ్చయింది. బొమ్మ బాగుందన్నారు అందరూ. ఎవరూ ఏమీ అడగలేదు.

మొన్న ఫ్రేము కట్టిద్దామని అసలు బొమ్మ తీసి, వెనక్కి తిప్పాను. పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో ఆధారాలు రాసి పెట్టుకున్నారు.

"ఫైలు: నమ్రతది. మా ఇంట్లో అన్నం తింటున్నా ఒళ్లోంచి తీయలేదు.

గాడిద: నేను. అద్దంలో చూసి."