గురువుగారి విరామం

ఆ విరామం పేరెత్తితే రేకుల మేస్త్రికి ఒళ్లు మండేది.

పగలంతా రేకులు వంచి అతికి, సాయంత్రం ఊరి బ్యాండులో రెండో బాకా ఊదేవాడు. మొదటి బాకా గురువుగారిది. ఆయన బాకా ఎత్తితే వీధిలో బండ్లు ఆగిపోయేవి. పాఠం మాత్రం పొదుపు. తప్పు ఊదితే కిటికీలోంచి బయటికి చూసేవాడు, సరిగ్గా ఊదేదాకా ఇటు తిరిగేవాడు కాదు.

ఆయన పోయాక శిష్యులకు కబుర్లు మిగిలాయి. ముఖ్యంగా ఆఖరి పాటలో పైస్వరానికి ముందు ఆయన ఆగే తీరు. వేదన అన్నాడొకడు, ధ్యానం అన్నాడు ఇంకొకడు.

"గొట్టంలో ఊపిరి చెమ్మ నీరై చేరేది. మీట నొక్కి వదిలేవాడు, అంతే!" అని మేస్త్రి మొత్తుకున్నాడు.

"నీకు గొట్టాలే కనిపిస్తాయిరా," అన్నాడు ఉంగరాల బాబాయి. వేలికో ఉంగరం పెట్టుకునే ఆ పెద్దమనిషీ శిష్యుడే.

గురువుగారి మొదటి బాకా కుర్చీకి వీళ్లిద్దరే పోటీ. పరీక్షకు అదే పాట. ఆ కుర్చీ పక్కనే కూర్చుని మేస్త్రి జుట్టు నెరిసింది.

"కాస్త ఆగితే మీ సొమ్మేం పోయిందండీ?" అంది భార్య.

"నీళ్లు లేని బాకాలోంచి ఏం వదలను? నా తలకాయా?"

పరీక్షలో బాబాయి కళ్లు మూసుకుని ఆగాడు. మేస్త్రి ఆగలేదు.

"శుభ్రంగా ఊదావయ్యా. కానీ అందులో ఆయన లేరు," అన్నాడు బ్యాండు మేస్టారు, కళ్లు తుడుచుకుంటూ. కుర్చీ బాబాయికి పోయింది.

మొదటి కచేరీలో పైస్వరానికి ముందు బాబాయి ఆగి, అలాగే ఉండిపోయాడు. పాట తెగకుండా కింది స్వరాన్ని రెండో బాకా పట్టి ఉంచాలి. మేస్త్రి మొహం కందగడ్డయింది, కళ్లు తిరిగాయి. చివరికెప్పుడో పైస్వరం వచ్చింది. చప్పట్లు మారుమోగాయి.

తెర దిగగానే మేస్త్రి బాబాయి మీదికి వచ్చాడు.

"ఎంతసేపు ఆగుతావో ముందే చెప్పి చావొచ్చుగా బాబాయ్!"

"అది చెప్పేది కాదురా. అనుభూతి."

"నీ అనుభూతికి నా ఊపిరా? రేపు సాధనకి రా. కాలితో నాలుగు దెబ్బలు తాళం వేస్తాను. ఐదోది పడిందంటే పైస్వరం నేనే లాగేస్తా, ఆ తర్వాత నువ్వు ధ్యానం చేసుకో."

బాబాయి అతని కందిన మొహం వంక చూశాడు.

"ఎన్నింటికి రమ్మంటావ్?" అన్నాడు.