సున్నపు తేట, పటిక ముక్క

ఆ రోజుల్లో నా గదికి ఎవరైనా వచ్చారంటే నా కోసం కాదు, నత్తల కోసం.

విజయవాడలో ఏలూరు కాలువ దగ్గర, రిటైరైన ఒక నర్సమ్మగారింటి వెనక వాటాలో ఒంటరిగా అద్దెకుండేవాణ్ణి. నలభై ఆరేళ్లు. ఎరువుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగి, మట్టి పరీక్ష చేసి, ఏ చేనుకు ఏం చల్లాలో చెప్పడం ఉద్యోగం. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఊరికో కథ చెప్పేవాణ్ణి. మైలవరంలోనూ మా వీధిలోనూ చెప్పిన కథలో పెళ్లికూతురు పీటల మీంచి లేచి ఏనుగెక్కి వెళ్లిపోయింది. మంగళగిరి కథలో నేనే వెళ్లిపోయాను. అసలు సంగతి, అడగాల్సిన వేళ ఎవర్నీ అడగలేదు. అది కథగా పనికిరాదు.

కిటికీ పక్కన గాజు తొట్టె ఉండేది. ఒకసారి బందరు సముద్రపొడ్డున చేపలమ్మే ఒకావిడ, వలలో చిక్కిన రాయిని నా చేతిలో పెట్టింది. దాని మీద మూడు నత్తలు. "తీసుకుపోండి బాబూ, కూరకు రావు, పారెయ్యబుద్ధి కావట్లేదు" అంది. అప్పట్నుంచీ నెలకోసారి ఆవకాయ జాడీల్లో సముద్రపు నీళ్లు బస్సులో తెచ్చుకునేవాణ్ణి.

"ఏంటండీ జాడీలో?" అనేవాడు కండక్టరు.

"ఊరగాయండీ. ఉప్పు ఎక్కువేశారు, ముక్కలెయ్యడం మర్చిపోయారు."

గాలి బుడగల పంపు మద్రాసు నుంచి తెప్పించాను. రాయిని చూపించి, "పగడపు దిబ్బండీ, వందేళ్లలో కాలువ దాకా పెరుగుద్ది" అని వీధిలోవాళ్లకు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు ఇద్దరో ముగ్గురో వచ్చి, కుర్చీల్లేక మంచం మీద కూర్చుని, నత్త గాజు మీద పైదాకా పాకేవరకూ చూసి వెళ్లేవాళ్లు. వాళ్లు వెళ్లాక పంపు చప్పుడొక్కటే మిగిలేది. దుప్పటి మీద వాళ్లు కూర్చున్నచోట పడ్డ ముడతల్ని వెంటనే సరిచేసేవాణ్ణి కాను.

ఆ ఏడు కృష్ణకు కొత్తనీరొచ్చి కాలువలు ఎర్రబడ్డాయి. అప్పుడే నత్తల గుల్లలు పాలిపోవడం మొదలైంది. గోటితో గీకితే సుద్దలా రాలింది. ఒక నత్త పాకడం మానేసి, రెండు రోజులకు చచ్చిపోయింది. మట్టి పరీక్షకు వాడే ఎర్ర లిట్మస్ కాగితం తొట్టెలో ముంచాను. సముద్రపు నీళ్లలో అది నీలం కావాలి. కాలేదు. చౌడు పొలాల్లో క్షారం ఎక్కువైందని రైతులు నా దగ్గర మొత్తుకుంటుంటే, నా తొట్టెలో క్షారం తగ్గిపోతోంది. అది తగ్గితే నీళ్లే గుల్లను తినేస్తాయి. కొత్త గుల్ల కట్టుకోవడానికి నత్తకు సరుకూ ఉండదు.

మందు నా తాంబూలం సరంజామాలోనే ఉంది. గుల్ల సున్నం నీళ్లలో కలిపి, అడుక్కి దిగాక, పైన నిలిచిన తేటను పొద్దున్నే బొట్టుబొట్టుగా వదలాలి. గుల్లల్ని కాల్చి చేసిన సున్నం మళ్లీ గుల్లలకే. మొదటిరోజు తొందరపడి గ్లాసెడు గుమ్మరిస్తే తొట్టె మజ్జిగైపోయింది. తర్వాత నెమ్మదిగా వదిలినా కాస్త మసకేసేది, కానీ కాగితం నీలానికి తిరిగేది. మూడు రోజులు ఊళ్లు తిరిగొచ్చి చూస్తే మళ్లీ ఎర్రగానే ఉండేది. పోసిన సున్నం ఎటు పోతోందో అంతుపట్టలేదు.

ఇంకో వింత, తొట్టెలో నీళ్లు తగ్గడం లేదు. ఆవిరైపోవాల్సినవి, నేను గుర్తుకు అంటించిన కాగితం ముక్క దగ్గరే ఉండేవి. చూడవచ్చినవాళ్లతో, "నత్తలు ఏడుస్తాయండీ, పోయినదాన్ని తల్చుకుని. ఆ కన్నీళ్లకే నిండుద్ది" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించానన్న సంబరంలో, నీళ్లు నిజంగా ఎందుకు తగ్గట్లేదో ఆలోచించనే లేదు.

రెండో నత్త కూడా ముడుచుకుపోయింది. ఇవి పోతే ఖాళీ తొట్టె చూడ్డానికి ఎవరొస్తారు? జీవితంలో మొదటిసారి వీధిలో ఉన్నదున్నట్టు చెప్పాను, నత్తలు చచ్చిపోతున్నాయండీ అని.

"ఈసారి ఏ ఏనుగెక్కి పోతున్నాయండీ?" అన్నారు.

ఒకరోజు మైలవరం దారిలో వాగు పొంగి బస్సు వెనక్కి తిరిగింది. మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. గది తలుపు తీసి ఉంది. రెండో తాళంచెవి నర్సమ్మగారి దగ్గరుండేది. ఆవిడ పక్కన బిందె పెట్టుకుని, తొట్టెలో మణికట్టు దాకా చెయ్యి ముంచి తిప్పుతోంది.

"నర్సమ్మగారూ!"

ఉలిక్కిపడి చెయ్యి తీసింది. చేతిలో పటిక ముక్క.

"మీరేమో ఊళ్లు పట్టుకు తిరుగుతారు, ఇక్కడ నీళ్లు ఇంకిపోతాయి. ఎవరు పోస్తారనుకున్నారు? కొత్తనీరు కదా, పటిక తిప్పి, తేరాకే పోస్తున్నా. మీ తొట్టె కూడా ఈమధ్య తెల్లగా మసకేస్తోంది. అందుకని ఇందులోనూ నాలుగు చుట్లు తిప్పుతున్నా. చూడండి, ఎంత తేటగా ఉందో!"

కొత్తనీటి రోజుల్లో మా వైపు ఏ ఇంట్లోనైనా బిందెలో పటిక తిప్పాల్సిందే. మనుషులకు మంచిదే. కానీ పటిక క్షారాన్ని తినేస్తుంది. మొదట బిందెలోని పటిక నీళ్లే దాన్ని తగ్గించాయి. ఆ తర్వాత నేను సున్నం పోస్తే తొట్టె మసకేసేది, ఆవిడ పటిక తిప్పేది, క్షారం పడిపోయేది, నేను మళ్లీ సున్నం పోసేవాణ్ణి. నెలన్నరగా ఒకే గదిలో, ఒకరికొకరు ఎదురుపడకుండా, ఇద్దరం కలిసి నత్తల్ని చంపుతున్నాం.

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ ఇక ఈ గడప తొక్కదు.

"పటిక వద్దండీ. ఇవి బందరు నత్తలు. నీళ్లు మరీ తేటగా ఉంటే తమ మొహం తమకే కనబడి బెంగపెట్టుకుంటాయి. వాననీళ్లు పట్టి పోయండి, చాలు."

ఆవిడ నావైపే చూసింది. "ఆ పోయినదాన్ని నా పటికే చంపిందా, బాబుగారూ?"

"అబ్బే. అది ఏనుగెక్కి పోయిందండీ."

నవ్వలేదు. పటిక ముక్క కొంగున ముడేసుకుని, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ వారం మూడు రోజులు ఊళ్లు తిరిగాను. ఏ పొలంలో మట్టి తీస్తున్నా తొట్టెకు అంటించిన కాగితం ముక్కే గుర్తొచ్చేది. తిరిగొచ్చి చూస్తే నీళ్లు సరిగ్గా ఆ ముక్క దగ్గరే ఉన్నాయి. లిట్మస్ నీలమైంది. గుమ్మం పక్కన బిందెలో వాననీళ్లు, పైన పల్చటి గుడ్డ కట్టి ఉంది. రెండో నత్త గాజు మీద సగం దూరం ఎక్కింది.

నేనుండగా ఆవిడ ఎప్పుడూ రాలేదు. అందుకని, ఆ తర్వాత పనేమీ లేకపోయినా, అప్పుడప్పుడూ సంచీ సర్దుకుని ఊరెళ్లి వచ్చేవాణ్ణి.