దోనెలో మూడో బరువు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. లేకపోవడమే కాదు, నమ్మేవాళ్ళంటే చిరాకు కూడా. పెంటపాడు దగ్గర ఒక హైస్కూల్లో పాతికేళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. స్కూలు వెనకున్న చింతచెట్టు మీద ఏదో ఉందని పుకారు లేపిన తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆ చెట్టు కిందే కూర్చోబెట్టి వారం రోజులు లెక్కలు చేయించాను. ఇప్పుడు నేను రాసేది చదివి టీచరమ్మకి మతి పోయిందనుకునేవాళ్ళు అనుకోండి. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని.

మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్ళు. ఉంగుటూరు నుంచి లోపలికి వెళితే కొల్లేటి అంచున మా ఊరు. వరి పండించడం ఆయన వృత్తి, చేపలు పట్టడం ఆయన పిచ్చి. అమ్మ పోయాక తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఏటా చలికాలంలో ఒక్కసారి ఊరెళ్ళి, మా చిన్నాన్న దోనె తీసుకుని, ఒక పూట చేపలు పట్టుకొస్తే తప్ప ఆయనకు తోచదు. దోనె అంటే ఇద్దరు ముగ్గురు పట్టే చిన్న పడవ. ఈ మధ్య ఆయనకు కాళ్ళు వణుకుతున్నాయి. చెప్పిందే మళ్ళీ చెబుతున్నారు. ఒంటరిగా పంపడానికి మనసొప్పక కిందటి చలికాలం నేనూ వెంట వెళ్ళాను. నాకు ఈత రాదు. ఆ సంగతి ఇక్కడే చెప్పడం మంచిది.

ఆ దోనెకు నాన్నగారి దగ్గర ఒక కొలత ఉంది. నీళ్ళకీ దోనె అంచుకీ మధ్య ఖాళీ ఎంతుందో చేత్తో చూస్తారు. ఇద్దరెక్కితే నాలుగు వేళ్ళు. ముగ్గురెక్కితే రెండు వేళ్ళు. "నలుగురైతే ఒడ్డునే కూర్చోవడం" అని నవ్వుతుంటారు. నా చిన్నప్పట్నుంచీ వింటున్నదే. క్లాసులో తేలే వస్తువుల పాఠం వచ్చినప్పుడు నేను ఈ లెక్కే చెబుతాను. పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

ఆ రోజు నా స్కూటర్ మీదే వెళ్ళాం. మేం రేవుకు చేరేసరికి తెల్లవారింది గానీ మంచు బాగా ఉంది. పది బారల అవతల ఏమీ కనబడటం లేదు. చిన్నాన్న ముందురోజు సాయంత్రమే ఏడు మావులు వేసి ఉంచాడు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బోను. చేప లోపలికి వెళ్ళగలదు, బయటికి రాలేదు. పొద్దున్నే వెళ్ళి వాటిని లేపుకుని రావడమే మా పని.

నాన్నగారు దోనె వెనక నిలబడి, పొడుగాటి వెదురు గెడ వేసి తోస్తున్నారు. నేను ముందు పలక మీద, ఆయన వైపు తిరిగి కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా ఇంకో అడ్డపలక, ఖాళీగా ఉంది. బయల్దేరేటప్పుడు ఆయన అలవాటుగా చెయ్యి బయటికి పెట్టి చూశారు. నాలుగు వేళ్ళు. నేనూ చూశాను. ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే ఆ తర్వాత జరిగిందంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మూడు మావులు లేపాం. కొరమేనులు రెండు, కాస్త చిన్న చేప. మొత్తం మూడు కిలోలు ఉంటుందేమో. నాన్నగారి మొహం వెలిగిపోతోంది. చాలా రోజుల తర్వాత ఆయన మాట తడబడకుండా మాట్లాడటం విన్నాను. వచ్చి మంచి పని చేశాననుకున్నాను.

నాలుగో మావు నేను పైకి లాగుతుండగా దోనె ఒక పక్కకి ఒరిగింది. నీళ్ళలో ఉన్న మనిషి అంచు పట్టుకుని కాలు పైకి వేస్తే ఎలా ఒరుగుతుందో అలాగ. తర్వాత నిదానంగా సర్దుకుంది. నాన్నగారు కదిలారనుకుని తలెత్తాను. ఆయన గెడ బురదలో దింపి, కదలకుండా నిలబడి ఉన్నారు. మధ్య పలకనే చూస్తున్నారు.

తర్వాత వంగి చెయ్యి బయటికి పెట్టారు.

"రెండు వేళ్ళు" అన్నారు, చాలా మెల్లగా.

నేనూ చెయ్యి పెట్టి చూశాను. రెండే వేళ్ళు. చిల్లు పడి నీళ్ళు వస్తున్నాయేమోనని అడుగు తడిమాను, పొడిగా ఉంది. గుర్రపుడెక్క లాంటి నీటిమొక్క ఏమైనా చుట్టుకుని కిందికి లాగుతోందా అని నాన్నగారిచేత గెడతో దోనె కింద తోయించాను. ఏమీ తగల్లేదు. బుట్టలో చేపలు నీళ్ళలో పోసేశాను. నాలుగో మావు వదిలేసి, పైకి లేపిన మూడూ నీళ్ళలోకి తోసేశాను. తడిసిన వెదురు బరువు కదా. ఆఖరికి చెప్పులు కూడా పారేశాను. మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను. రెండు వేళ్ళే.

అప్పుడు మధ్య పలక చూశాను. అది పల్చటి చెక్క, ఎవరైనా కూర్చుంటే నడుమ కాస్త కిందికి వంగుతుంది. వంగి ఉంది. దాని మీద ఎవరూ లేరు. తడి మరక కూడా లేదు. ఏదైనా ఒక ఆనవాలుంటే బాగుండుననిపించింది. ఒట్టి పలక, వంగి ఉంది.

గట్టిగా అరిస్తే దోనె కదిలి మునుగుతుందేమోనన్న భయంతో అరవలేదు, అంతే.

"వెనక్కి తిప్పుతున్నానమ్మా. దాన్ని చూడకు. నన్నే చూస్తూ ఉండు" అన్నారు నాన్నగారు.

ఆయన్ని చూడాలంటే ఆ పలక మీదుగానే చూడాలి. ఒడ్డు చేరడానికి అరగంట పట్టింది. చిన్న అల వచ్చినా నీళ్ళు అంచు దాటి నా కాళ్ళ మీద పడుతున్నాయి. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ముగ్గురి బరువు తోస్తున్నట్టు ఆయాసపడుతూ గెడ వేశారు. మంచులో నీటికోళ్ళు అరుస్తుంటే, మేం దగ్గరికి వచ్చేసరికి అరుపు ఆగిపోయేది. మేం దాటాక మళ్ళీ మొదలయ్యేది. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను.

రేవులో ఎప్పుడూ నాన్నగారే ముందు దిగి, దోనె పట్టుకుని, మమ్మల్ని దింపుతారు. ఆ రోజు ఆయన దిగలేదు.

"నువ్వు ముందు దిగమ్మా. ఇట్లాంటిది ఆఖర్న దిగినవాళ్ళ వెంట వస్తుందని మా పెద్దవాళ్ళు అనేవారు. నీకు పిల్ల ఉంది" అన్నారు.

వేరే రోజైతే దెబ్బలాడేదాన్ని. ఆ రోజు మారు మాట్లాడకుండా దిగేశాను. తండ్రిని అక్కడ వదిలేసి ముందు నేను గట్టెక్కాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

నేను దిగగానే దోనె లేచింది. నాలుగు వేళ్ళు. అంటే అందులో ఇంకా ఇద్దరున్న లెక్క. నాన్నగారు గెడ పక్కన పెట్టి కండువా దులిపి భుజం మీద వేసుకున్నారు. ఆ పలక వైపు తిరిగి, చుట్టాలతో మాట్లాడినట్టు "పదండి, వెళదాం" అన్నారు. తర్వాత దిగారు.

దిగింది ఆయన ఒక్కరే. దోనె మాత్రం పూర్తిగా ఖాళీ అయినట్టు ఇంకో నాలుగు వేళ్ళు పైకి లేచి, రాటకి కొట్టుకుని, అటూ ఇటూ ఊగింది. పలక మళ్ళీ తిన్నగా అయింది. నేను కళ్ళారా చూశాను.

తిరుగు ప్రయాణంలో నాన్నగారు నా స్కూటర్ ఎక్కనంటే ఎక్కనన్నారు. బస్సులో వస్తానన్నారు. బస్సు వెనకే నేను బండి మీద వచ్చాను. తాడేపల్లిగూడెం బస్టాండులో అందరూ దిగిపోయారు. ఆయన దిగలేదు. కండక్టరు విసుక్కున్నాడు. అయినా కదల్లేదు. డ్రైవరూ కండక్టరూ కూడా టీకి దిగి వెళ్ళాక, అప్పుడు నిదానంగా మెట్లు దిగారు.

ఆ రోజు నుంచి ఏ బండీ ఎక్కలేదు. ఎక్కడికైనా నడకే. ఆటో పిలిస్తే, "అతనికి చిన్న పిల్లలున్నారమ్మా, వద్దు" అనేవారు. మతిమరుపు ముదురుతోందని మా ఆయనతో చెప్పాను. దోనెలో జరిగింది మా ఆయనకు చెప్పలేదు. చెబితే, నేను స్కూల్లో పిల్లలకు చెప్పిన మాటలే నాకు చెబుతారు.

నాన్నగారు నవారు మంచం మీద ఒక పక్కకి ఒదిగి పడుకోవడం మొదలుపెట్టారు. రెండో పక్క నవారు గుంట పడింది. బిగించి కట్టిస్తే వారానికే మళ్ళీ వదులైంది. ఆయనకు నిద్ర లేదు, తిండి లేదు. మూడు నెలల్లో మనిషి సగమయ్యారు. అయినా ఒక్క రోజు కూడా భయపడుతున్నట్టు కనబడలేదు. నన్ను చూసి మాత్రం "నువ్వు బాగానే ఉన్నావు కదమ్మా" అని రోజూ అడిగేవారు.

ఒక ఆదివారం పొద్దున్న ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. చెమటలు పట్టేశాయి. జోరున వాన. మా ఆయన ఏలూరులో డ్యూటీలో ఉన్నారు. అంబులెన్సుకి ఫోను చేస్తే రావడానికి నలభై నిమిషాలన్నారు. ఆసుపత్రి మా ఇంటికి కిలోమీటరు కూడా లేదు. నాన్నగారు వద్దు వద్దంటున్నా వినకుండా, నేనూ మా అమ్మాయీ కలిసి ఆయన్ని నా స్కూటర్ వెనక కూర్చోబెట్టాం. నా నడుముకి ఆయన్ని చున్నీతో కట్టి, అమ్మాయిని ఇంట్లోనే ఉండమన్నాను. బండి కదలడానికి మొరాయించింది. వాన వల్లేమో అనుకున్నాను.

ఆసుపత్రి గేటు దగ్గర ఆపాను. చున్నీ విప్పాను. ఆయన నా భుజం పట్టుకుని, ఆ నొప్పిలోనే, "నువ్వు ముందు దిగమ్మా, నీకు దణ్ణం పెడతాను" అన్నారు.

"నేను దిగితే బండి పడిపోతుంది నాన్నా. మీకేమైనా మతి ఉందా? దిగండి ముందు" అని కసిరాను. స్కూటర్ మీద వెనకున్నవాళ్ళే కదా ముందు దిగేది. ఇంకెలా దిగుతారు?

నర్సు గొడుగుతో పరిగెత్తుకొచ్చి ఆయన్ని చంకల కింద పట్టుకుని దింపేసింది. ఆయన దిగుతూ ఏడ్చారు. నొప్పికి ఏడుస్తున్నారనుకుంది ఆవిడ.

వెనక మనిషి దిగితే బండి వెనక భాగం లేస్తుంది. స్కూటర్ నడిపే ఎవర్నయినా అడగండి. నా బండి లేవలేదు. నేను హ్యాండిల్ పట్టుకుని ఆ వానలో అలాగే కూర్చుండిపోయాను, చాలాసేపు. వెనక్కి తిరిగి చూడలేదు. కానీ ఎంతసేపని కూర్చుంటాను? లోపల నాన్నగారు ఒక్కరే ఉన్నారు. దిగాను. అప్పుడు లేచింది.

గుండెకేం ఫరవాలేదన్నారు డాక్టరు. రెండు రోజులు ఉంచుకుని పంపించేశారు. ఇంటికొచ్చిన రాత్రి నాన్నగారు మంచం మధ్యలో, చేతులు చాపుకుని, తెల్లారేదాకా నిద్రపోయారు. ఇప్పుడు మూడు పూటలా తింటున్నారు. మొహం నిండింది. మాట కూడా తడబడటం లేదు. చూసినవాళ్ళందరూ డాక్టరు హస్తవాసి మంచిదంటున్నారు.

నా బండి మాత్రం రైలు వంతెన ఎక్కేటప్పుడు ఈడుస్తోంది. వెనక టైరు రెండుసార్లు మార్పించాను. "ఏవండీ టీచరుగారూ, రోజూ వెనక ఎవర్నో బాగా లావుపాటి వాళ్ళని ఎక్కించుకుంటున్నారా?" అని మెకానిక్ అడిగాడు. స్కూలుకి నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను. రాత్రిళ్ళు నేను మంచానికి ఒక పక్కన పడుకుంటున్నాను. మధ్యలో గుంట పడింది, పరుపు మార్పిద్దామంటున్నారు మా ఆయన. అలాగేనన్నాను.

దీనికి కారణం ఏమిటో నాకు తెలియదు. షాక్ అబ్జార్బర్ పాడై ఉండొచ్చు. పరుపు నాసిరకందై ఉండొచ్చు. ఆ దోనె సంగతికి మాత్రం, ఎన్నిసార్లు లెక్క వేసినా, నా చదువులో జవాబు దొరకలేదు. రాత్రిపూట చాలా భయంగా ఉంటోంది. పక్కకి తిరిగి చెయ్యి చాచడం మానేశాను.

మా అమ్మాయి కాలేజీకి దింపమంటే పని ఉందని చెప్పి బస్సుకి పంపిస్తున్నాను. నాకు బండి మీద ఇష్టం ఎక్కువైపోయిందని అలిగింది.

నాన్నగారు రోజూ సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉంటారు. నేను దిగడం, బండి లేవడం చూస్తారు. తర్వాత దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అడుగుతారు.

"ఒక్కసారి నన్ను ఎక్కించుకో అమ్మా. మన వీధి చివరిదాకా చాలు. బండి గోడకి ఆనించు, నువ్వు ముందు దిగు. నేను ఆఖర్న దిగుతాను."

గోడకి ఆనిస్తే బండి పడదు. నాకూ తెలుసు. అయినా రేపు చూద్దాం నాన్నా అంటాను. రోజూ అదే మాట. నమ్మకమే లేనిదాన్ని, ఆయన అడిగిన ఆ ఒక్క ముచ్చట ఎందుకు తీర్చడం లేదని మీరడిగితే, రేవులో ఒకసారి ఆయన్ని వదిలి ముందు దిగాను, మళ్ళీ దిగలేను.